సీమ నాటకానికి చోటేది?

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లి వేడుకకు ‘కీచకవధ’ నాటకం ఆడారు. అంతవరకు తోలుబొమ్మలాడించి బతికిన వనారస కుటుంబీకులు ఆ రాత్రి తామే వేషం కట్టారు. వనారస గోవిందరావు నడిపిన ఆ సమాజం ఊరిపేరునే ఇంటిపేరు చేసుకుని తెలుగునేలంతా తిరిగింది. ఆడవేషాలూ మగవాళ్లే కట్టే కాలంలో సురభివాళ్లు తమ ఇంటి ఆడవాళ్లను రంగమెక్కించారు. 1932లో విడుదలైన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి సురభి కమలాబాయే. ఇంత చేసినవాళ్ల వారసులను చూడాలంటే ఇవాళ హైదరాబాదు శివార్లలోని లింగంపల్లి సురభి కాలనీకి వెళ్లాలి. పుట్టిన జిల్లా ఆ పేరు చెప్పుకుని గర్వపడుతుందే కానీ వాళ్లను నిలుపుకోలేకపోయింది.

సురభివాళ్లు డేరాలు, తెరలు, తీగలు, కప్పీలు బండ్లకెక్కించుకుని రంగశాలను వెంట తీసుకుపోయేవారు. ‘మాయాబజార్’లో లడ్డూలు గాలిలో లేచి ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లాలంటే వేదికపైన మనిషి కూర్చుని తీగ లాగేంత ఎత్తుండాలి, పక్కన దృశ్యం మార్చేందుకు జాగా ఉండాలి. మన ఊళ్లలో సభల కోసం కట్టే ఆడిటోరియాలకు ఈ రెండూ ఉండవు. మైకు, పూలదండలు, కుర్చీల వరస పట్టేంత వేదిక చాలనుకుని కడతారు.

ఈ లోటుకు ఒక చరిత్ర ఉంది. సీమను దత్తమండలాలని పిలిచిన రోజుల్లో ఇక్కడి నాటకానికి రాజధాని బళ్లారి. ధర్మవరం రామకృష్ణమాచార్యుల సరసవినోదినీ సభ, కోలాచలం శ్రీనివాసరావు నాటకాలు అక్కడివే. తాడిపత్రిలో పుట్టిన రాఘవ అక్కడే వకీలుగా, నటుడిగా వెలిగి బళ్లారి రాఘవ అయ్యాడు. 1953 అక్టోబరు 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయింది. అదే రోజు బళ్లారి మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రం మనకు మిగిలాయి. మూడేళ్లకు రాజధాని కూడా హైదరాబాదుకు తరలింది. అక్కడ రవీంద్రుడి శతజయంతికి 1961లో రవీంద్రభారతి లేచింది. రాజధాని పోయిన ఊరికి రంగశాల కావాలని ఆనాడు అడిగిన గొంతుకు బలం లేకపోయింది.

ఇప్పుడు భవనాలు లేవని అనలేం. కర్నూలు సి.క్యాంపులో టీజీవీ కళాక్షేత్రం ఉంది, కలెక్టరేట్లో సునయన ఆడిటోరియం ఉంది. కడపలో నేక్‌నామ్ ఖాన్ కళాక్షేత్రం ఉంది. కర్నూలు లలిత కళా సమితివంటి సంస్థలు నాటకాన్ని పట్టుకుని వేలాడుతున్నాయి, వాళ్లకు చేతులెత్తి మొక్కాలి. కానీ సమీక్షలు, సన్మానాలు, పాఠశాలల వార్షికోత్సవాలకు పోగా నాటకానికి మిగిలే రాత్రులెన్ని? రిహార్సలుకు నెల రోజులు గది ఇచ్చేవారెవరు? మీటింగు పెట్టుకునేవారికీ ఊరి నాటక సమాజానికీ ఒకే అద్దె వసూలు చేస్తే రెండోవాళ్లు తలుపు దాకా కూడా రారు.

కళకు కొరత లేదని చెప్పడానికి ఆదోని, ఆలూరు, పత్తికొండ వైపు పల్లెలు చాలు. పంట చేతికి రాని ఏడు సగం ఊరు మిరపకోతలకు గుంటూరు వైపు వలస పోతుంది. ఉగాదికి తిరిగొస్తారు, జాతర వస్తుంది, నాటకం తెర లేస్తుంది. హార్మోనియం మాస్టరు దగ్గర పద్యాలు నేర్చుకున్న రైతులు, కూలీలు కృష్ణుడూ దుర్యోధనుడూ అవుతారు. వేషం కట్టేవాడే తన వాటా చందా వేసుకుంటాడు. రాగం బాగా తీస్తే ‘వన్స్‌మోర్’ అని జనం కేకేస్తారు, తెల్లారేదాకా ఎవరూ లేవరు. ఈ జనానికి నాటకం అక్కర్లేదని పట్టణాల్లో కూర్చుని తీర్పు చెప్పేవాళ్లు ఒక్కసారి ఆ చాపల మీద కూర్చోవాలి.

పరాయి దేశంలో ఒక పారిశ్రామిక పట్టణం ఏం చేసిందో చూద్దాం. 1940లో జర్మన్ బాంబులకు చితికిపోయిన ఇంగ్లండు పట్టణం కవెంట్రీ, 1958లో బెల్‌గ్రేడ్ థియేటర్‌ను తెరిచింది. బెల్‌గ్రేడ్ నగరం ఇచ్చిన కలప వాడినందుకు ఆ పేరు పెట్టుకున్నారు. ఇళ్లే సరిగా లేని ఊరికి రంగశాలెందుకని ప్రశ్నించడం తేలికే. అయినా ఇంగ్లండులో 1948 నాటి స్థానిక ప్రభుత్వాల చట్టం పన్నులో పౌండుకు ఆరు పెన్నీల దాకా వినోదానికి ఖర్చుపెట్టే హక్కును పట్టణ పాలకులకిచ్చింది. 1965లో ఆ థియేటరే నటులను బడులకు పంపే పద్ధతి మొదలుపెట్టింది. నీళ్లూ రోడ్లూ లాగే నాటకం కూడా మునిసిపాలిటీ బాధ్యతే అని ఒప్పుకోవడం వల్లే ఇదంతా సాధ్యమైంది.

కరువు సీమకు ముందు నీళ్లు కావాలి, నిజమే. కానీ నీళ్లొచ్చేదాకా మనిషి పాడకూడదని ఎవరూ చట్టం చేయలేదు. కర్నూలు, కడప నగరపాలక సంస్థలు కొత్త భవనానికి శంకుస్థాపన చేయనక్కర్లేదు. ఉన్న ప్రభుత్వ వేదికల్లో ప్రతి నెలా రెండు శనివారాలు నాటకానికే అని రాసిపెట్టాలి. పల్లె సమాజాలకు అద్దె మాఫీ చేయాలి, హార్మోనియం మాస్టర్లకు గౌరవ వేతనమిచ్చి బడుల్లో పద్యం నేర్పించాలి. సురభివాళ్లను ఏడాదికొకసారైనా పుట్టిన జిల్లాకు పిలిచి వాళ్ల తీగలు కట్టుకోవడానికి తగిన వేదిక ఇవ్వాలి. వచ్చే బడ్జెట్లో ఈ పద్దు పెట్టించే పని కార్పొరేటర్లది, అడిగి పెట్టించే పని మనది.