ఎడారి ఆటలో నీటి లెక్క

కల్పిత లోకమునకు నియమములక్కరలేదని కొందరందురు. మేము ఏకీభవింపజాలము. 1974లో అమెరికాలో వెలువడిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' బల్లచుట్టు కూర్చుండి ఆడు కథాక్రీడ. నిర్వాహకుడు లోకమును వర్ణించును. ఆటగాండ్రు పాత్రలై తమ చర్యలను నిర్ణయింతురు. సందేహమైనచోట పాచికలు తేల్చును. ఈ క్రీడకై 1991లో వెలువడిన 'డార్క్ సన్' ఒక ఎడారి లోకము. అచట మాంత్రికుల దురాశ నేలసారమును పీల్చివేసినది. లోహము అరుదగుటచే నాణెములు సైతము కాల్చిన మట్టివే.

అట్టి లోకమును నడుపువాడు ఇసుకను వర్ణించి ఊరకుండరాదు. దినదినము నీటిని లెక్కింపవలెను. తిత్తిలో ఒక్కనికే చాలు నీరున్నది. దారిలో దప్పిగొన్న అపరిచితుడు ఎదురైనాడు. ఏమి చేయవలెను? ఆటకు ప్రాణమీ ప్రశ్నయే. ఆటగాడు తన నీటిని ధారపోసిన మరుక్షణమే నిర్వాహకుడు జాలిపడి ఊటను చూపినచో ఆ త్యాగమునకు విలువయేమి? విద్యార్థులారా! లోకమును కల్పించువాడు తన నియమమునకు తానే మొదట కట్టుబడవలెనని మా అభిప్రాయము.