వేలు జారితే...

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేమని మన పెద్దలు చెప్పిన మాట. వారి రోజుల్లో జారడానికి కాలూ, నోరూ రెండే వుండేవి. ఇప్పుడు మూడోది కూడా వచ్చింది: వేలు. ఫోను మీద వేలు ఒక్కసారి జారితే, వెళ్లిన ఫొటో ఎవరి చేతిలో ఎప్పుడు తేలుతుందో బ్రహ్మదేవుడికి కూడా తెలియదు.

ఈవారం వ్రాయదలచుకున్న సంగతి కొంచెం ఇబ్బందికరమైనదే. ఇంటిల్లిపాదీ చదివే పత్రికలో ఇదెందుకండీ అని కొందరైనా అనుకోవచ్చు. కాని ఇంటిల్లిపాదీ కూచున్నచోట రాని మాట గనకనే ఇది ఇంత దూరం వచ్చింది. యీడు వచ్చిన పిల్లలు తమ వొంటి ఫొటోలు, చాటుమాటుగా చెప్పుకోవలసిన మాటలు ఫోనులో ఒకరికొకరు పంపుకోవడాన్ని ఇంగ్లీషులో సెక్స్‌టింగ్ అంటున్నారు. తెలుగులో దీనికి పేరు లేదు. తెలుగు పాఠాలు చెప్పి బతికేదాన్ని గనక పేరు కోసం నేనూ వెతికాను, కుదరలేదు. పేరు లేకపోతే పోయింది. పేరు లేని మూలాన తల్లికి బిడ్డ దగ్గర ఆ మాట ఎత్తడానికి నోరు రావడం లేదు. అదీ చిక్కు.

మా ఇంటరు పిల్లలకు లేఖారచన నేర్పుతూ వుంటాను. ప్రిన్సిపాలు గారికి సెలవు చీటీలు వ్రాయించి వ్రాయించి విసుగెత్తి, ఒకనాడు క్లాసులో ఒక ప్రశ్న వేశాను.

“నేను నా స్నేహితురాలికి ఒక వుత్తరం వ్రాశాను. పోస్టులో వేశాను. ఇప్పుడు ఆ వుత్తరం ఎవరిది?”

“అందుకున్నవాళ్లదండీ” అన్నారు అందరూ.

“ఐతే ఆవిడ దాన్ని అచ్చు వేయించి బజార్లో అమ్ముకోవచ్చునా?”

క్లాసు రెండుగా చీలిపోయింది. అప్పుడు వాళ్లకి ఇంగ్లండులో 1741లో జరిగిన ఒక దావా కథ చెప్పాను. అలెగ్జాండర్ పోప్ అనే కవి వుత్తరాలను ఎడ్మండ్ కర్ల్ అనే పుస్తకాల వర్తకుడు అడగకుండా అచ్చు వేశాడు. పోప్ కోర్టుకెక్కాడు. కాగితం అందుకున్నవారిది కావచ్చు గాని, అందులోని రాతను లోకానికి చూపే హక్కు మాత్రం వ్రాసినవారిదేనని న్యాయమూర్తి లార్డ్ హార్డ్విక్ తేల్చాడు.

వెనక బల్ల మీద కుర్రవాడొకడు లేచాడు. “మేడమ్, ఫోనులో ఐనా అంతేనా? అసలు పంపినవాళ్లదే కదా తప్పు?” దేన్ని గురించి అడుగుతున్నాడో క్లాసంతటికీ అర్థమైంది. తలలు వంచుకున్నారు. ముందు వరుసలో ఎప్పుడూ మాట్లాడని అమ్మాయి ఒకతె, వెనక్కి తిరక్కుండానే, “నమ్మి పంపినవాళ్లదే తప్పైతే, పదిమందికి చూపించినవాడిది ఏమిటంటారు?” అన్నది. ఎవరూ జవాబు చెప్పలేదు.

చట్టం జవాబు చెప్పింది. మన ఐ.టి. చట్టంలో 67బి అని ఒక సెక్షను వుంది. 18 ఏళ్లు నిండని పిల్లల అశ్లీల చిత్రాలను పంపినా, పోగుచేసినా, ఒకరికొకరు ఇచ్చిపుచ్చుకున్నా మొదటిసారి 5 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల రూపాయల దాకా జరిమానా. 2012లో వచ్చిన పోక్సో చట్టం ప్రకారం, ఇతరులకు పంచే వుద్దేశంతో అటువంటి చిత్రాన్ని చెరపకుండా, ఫిర్యాదు చెయ్యకుండా దాచుకోవడం కూడా నేరమే. ‘తనే ఇష్టపడి పంపింది’ అనే వాదం 18 ఏళ్లలోపు పిల్లల విషయంలో చెల్లదు. 18 నిండిన స్త్రీ ఐనా సరే, ఏకాంతపు ఫొటో తీయడానికి ఒప్పుకున్నంత మాత్రాన ఇతరులకు చూపడానికి ఒప్పుకున్నట్టు కాదని 2024 జులై 1 నుంచి అమలులో వున్న భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షను చెబుతుంది. పోప్‌గారి వుత్తరాల నాటి న్యాయమే, కాకపోతే ఇక్కడ జరిమానాతో పాటు జైలు కూడా.

ఇంత చెప్పేసరికి గంట కొట్టారు. ఆ సాయంత్రం ఎవరెవరు తమ ఫోనుల్లోంచి ఏమేమి తుడిచివేసుకున్నారో నేను అడగలేదు.

అంతమాత్రాన పంపినా ఫరవాలేదని కాదు సుమా! పెదవి దాటితే పృథివి దాటుతుందన్నారు. ఒక్కసారి చూడగానే మాయమయ్యే ఫొటో అంటూ వాట్సాప్ వారు 2021లో ఒక సౌకర్యం పెట్టారు. పిల్లలకు దాని మీద ఎక్కడలేని నమ్మకం. పక్కన ఇంకొక ఫోను పట్టుకుని ఆ తెరను ఫొటో తీస్తే మాయమయ్యేదేముంది? పంపేవారి చేతిలో వున్నంతసేపే అది వారిది.

పిల్లలు ఎందుకు పంపుతారని అడిగితే, చెడిపోయి అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు చాలామంది. నేను చూచినంతలో కారణం అది కాదు. “నా మీద నమ్మకం లేదా?” అనే ఒక్క మాటకు లొంగిపోతారు. అమ్మాయిలకు నేను చెప్పేది ఇదే: నమ్మకం వున్నవాడు రుజువులు అడగడు. అడిగినవాడికి ‘వద్దు’ అని ఒక్కసారి చెప్పి వూరుకో. ఎందుకు వద్దో వివరించనక్కరలేదు. అబ్బాయిలకు చెప్పేది ఇంకా చిన్నది: అడగవద్దు, నీ దాకా వస్తే నీ దగ్గరే ఆపు.

ఇక అసలు ఏమీ పంపని పిల్లలకు కూడా ఇప్పుడు పూచీ లేదు. కాలేజీ వార్షికోత్సవంలో తీసిన గ్రూపు ఫొటోలోంచి ముఖం తీసుకుని, కృత్రిమమేధతో దొంగబొమ్మ తయారు చేసే సాధనాలు ఎవరికి పడితే వారికి దొరుకుతున్నాయి. పాపం, ఆ పిల్ల చేసిన తప్పేమిటి? ఫొటో దిగడమా? తప్పు పంపినవారిదే అనేవారు ఈ ప్రశ్నకు సమాధానం చెప్పాలి.

ఇది ఆడపిల్లల బాధ మాత్రమే అనుకునే తల్లిదండ్రులు కూడా వున్నారు. మగపిల్లల మీద వల వేసేవారు వేరే వున్నారు. ముక్కూ మొహం తెలియని ‘అమ్మాయి’ ఒకతె పరిచయమవుతుంది. నాలుగు రోజుల్లో వీడియో కాలు. కుర్రవాడు తెలివి తెచ్చుకునేలోపల అటువైపు అంతా రికార్డయిపోతుంది. ఆ తరవాత డబ్బు పంపు, లేకపోతే మీ బంధువులందరికీ పంపిస్తామని బెదిరింపు.

అటువంటి పిల్లవాడు ఒకడు స్టాఫ్‌రూము గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడి, అందరూ వెళ్లాక లోపలికి వచ్చాడు. ఫీజుకని ఇంట్లో ఇచ్చిన డబ్బులోంచి రెండుసార్లు పంపాడట. మూడోసారి అడుగుతున్నారట. “పోలీసులకు చెబుదాం” అంటే భయపడలేదు. “నాన్నగారికి చెబుదాం” అన్నప్పుడు ఏడ్చాడు. “చంపేస్తారు మేడమ్. అంతకంటె నేనే...” అని ఆగిపోయాడు.

ఆ ఆగిపోయిన మాట విన్నాక ఇక నేను ఆలస్యం చెయ్యలేదు. అటువంటిది తెలిసి వూరుకోవడానికి పోక్సో చట్టం కూడా ఒప్పుకోదు. ఆ సాయంత్రమే వాళ్ల ఇంటికి వెళ్లాను. తండ్రి అంతా విన్నాడు. ముఖం ఎర్రబడింది. లేచి వసారాలోకి వెళ్లి, కాసేపటికి తిరిగి వచ్చి, “డబ్బు సంగతి తరవాత. మధ్యాహ్నం అన్నం తిన్నాడా వీడు?” అని భార్యను అడిగాడు. మర్నాడు పొద్దున్నే కొడుకుని వెంటబెట్టుకుని పోలీసుల దగ్గరకు వెళ్లాడు. బెదిరించినవాడు మరి రెండుసార్లు మెసేజి పెట్టి, జవాబు రాకపోయేసరికి మానేశాడు.

బెదిరించేవాడి చేతిలో వున్న పెట్టుబడి ఫొటో కాదని నాకు ఆనాడు తెలిసింది. ఇంట్లో తెలిస్తే ఏమవుతుందోనన్న పిల్లవాడి భయమే వాడి పెట్టుబడి. ఇంట్లో తెలిసిపోయిందా, వాడి వ్యాపారం సగం దివాలా తీసినట్టే.

‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అని మనం పిల్లలకు నేర్పుతాం. మంచి మాటే. కాని అది అడుసు తొక్కకముందు చెప్పే మాట. తొక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డ బిడ్డకు చెంబెడు నీళ్లు ఇవ్వాలి గాని, సామెత చెప్పి తలుపు వెయ్యకూడదు.

ఆ చెంబెడు నీళ్లంటే ఏమిటో కూడా చెప్పాలి గదా. మొట్టమొదట, అడిగిన డబ్బు ఇవ్వవద్దు, మరొక ఫొటో పంపవద్దు. ఇచ్చినకొద్దీ అడుగుతూనే వుంటారు. కంగారుపడి అన్నీ చెరిపివేయవద్దు. బెదిరింపు మెసేజిలు, పంపినవారి నంబరు, ఖాతా పేరు, తేదీలు భద్రపరచి ఆ తరవాతనే బ్లాకు చెయ్యండి. సలహా కోసమని ఆ ఫొటోను బావగారికీ, పెదనాన్నగారికీ పంపకండి; అదీ పంచడమే అవుతుంది. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు చెయ్యవచ్చు. డబ్బు పోతే 1930కి, పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098కి ఫోను చెయ్యవచ్చు.

పోలీసు స్టేషను మెట్లు ఎక్కితే పరువు పోతుందని జంకేవారికి ఒక మాట. పోక్సో చట్టం ప్రకారం బాధితులైన పిల్లల వాంగ్మూలాన్ని వారి ఇంట్లోనో, వారు కోరినచోటనో తీసుకోవాలి. సాధ్యమైనంతవరకు యస్.ఐ. హోదాకు తగ్గని మహిళా అధికారి రావాలి. యూనిఫారంలో రాకూడదు. పిల్లల పేరు పత్రికల్లో బయటపెట్టకూడదు.

ఫొటో ఎక్కడైనా కనిపిస్తే తీసివేయమని ఆ కంపెనీకే ఫిర్యాదు పెట్టవచ్చు. ఇటువంటి చిత్రాలను, దొంగబొమ్మలతో సహా, ఆలస్యం చెయ్యకుండా తీసివేయాలని 2021లోనే మన ప్రభుత్వం నిబంధన పెట్టింది. 18 లోపు తీసిన ఫొటోల కోసం ‘టేక్ ఇట్ డౌన్’ అనే వుచిత సేవను ఒక అమెరికా సంస్థ 2023లో ప్రారంభించింది. ఫొటో మన ఫోను దాటి వెళ్లనక్కరలేదు. దాని వేలిముద్ర వంటి ఒక అంకెల గుర్తు మాత్రమే వెళుతుంది. ఆ గుర్తును బట్టి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ వంటివి ఆ ఫొటోను పట్టుకుని తీసివేయగలవు. అన్నిచోట్లా పనిచెయ్యదు గాని, చేతులు ముడుచుకు కూచోవడం కంటె నయం.

ఫోను లాక్కుంటే సరిపోతుంది కదా అని అడిగే తల్లులున్నారు. లాక్కుంటే ఈసారి స్నేహితుల ఫోను వాడతారు. వచ్చేసారి ఆపద వచ్చినప్పుడు మీ దాకా రారు. ఫోను ఇచ్చిన రోజునే ఒక మాట కూడా కలిపి ఇవ్వండి. ఇదివరకే ఇచ్చివుంటే ఈ రాత్రి భోజనాలయ్యాక చెప్పండి. పెద్ద వుపన్యాసం అక్కరలేదు. “ఎప్పుడైనా, ఏదైనా జరిగితే ముందు నాకు చెప్పు. కోప్పడడం సంగతి తరవాత చూసుకుందాం” అంటే చాలు.

ఆ కోప్పడడం ఎటూ మనకు చేతనైన పనే!