నూనె నల్లబడినంతమాత్రమున ఇంజను అరిగినట్లా?

డిప్‌స్టిక్కు తీసి చూచినప్పుడు నూనె కాటుకవలె నున్నచో ఇంజను లోపల అరిగిపోయినదనియు, తేటగా నున్నచో క్షేమముగా నున్నదనియు మన రైతులలో పెక్కుమంది తలంచుచున్నారు. ఈ నమ్మకమును ఆసరాగా గొని కొందరు మరమ్మతుదారులు ఇంజను విప్పవలెనని చెప్పుటయు, రైతు వెంటనే సంఘమునకు అప్పు దరఖాస్తు పెట్టుకొనుటయు జరుగుచున్నవి. రంగు చూచి అప్పు చేయుట తగదని మా యభిప్రాయము.

డీజిలు మండునప్పుడు మసి పుట్టక మానదు. అందు కొంత రింగుల సందులగుండ దిగి నూనెలో కలియును. నేటి నూనెలలో మసిని కడుగు మందులును, కడిగిన మసిని ముద్దకట్టనీయక నూనెలోనే చెదర్చి నిలుపు మందులును కలిపియుందురు. కావున నూనె నల్లబడుట అది తన పని తాను చేయుచున్నదనుటకు గుర్తు. క్రొత్తనూనె కొలది గంటలలోనే నల్లబడుటయు వింత కాదు; సందులలో పాతనూనె కొంత మిగిలియే యుండును. ఈ మందులు లేని కాలమున మసి పిస్టనులకు పట్టి రింగులు బిగిసిపోవుచుండెను. 1930ల దశకమున అమెరికాలో కాటర్‌పిల్లరు వారి డీజిలు ట్రాక్టరులకు ఈ బాధ కలుగగా, దాని నివారణకై కడుగు నూనెలు వాడుకలోనికి వచ్చినవి.

అట్లని నల్లనూనెను ఎంతకాలమైనను వాడవచ్చునని మేము చెప్పము. ఆ మందుల ఓపిక తీరిన పిమ్మట మసి ముద్దకట్టును. అద్దుడు కాగితముపై నూనెబొట్టొకటి వేసి కొన్నిగంటలు విడిచి చూడుడు. నలుపు క్రమముగా పలుచబడుచు అంచువరకు ప్రాకినచో మందు పనిచేయుచున్నది. నడుమ చిక్కని నల్లచుక్క గట్టి అంచుతో నిలిచి, చుట్టును ఒట్టి నూనెయే వ్యాపించినచో మార్చవలసినదే. ఇది మోటు పరీక్ష. ఇంజను పుస్తకములో వ్రాసిన గంటల లెక్కయే ముఖ్యము.

అరుగుదల గుర్తులు వేరు. అరిగిన ఇనుపరజను సామాన్యముగా కంటికి కానరానంత సూక్ష్మము. మెరయు రజను కనబడునప్పటికే చాల నష్టము జరిగియుండును. నీలిపొగ, మాటిమాటికి నూనె తగ్గుట, బ్రీతరు గొట్టమునుండి పొగ ఉబుకుట, చలిపొద్దున స్టార్టు కాకుండుట, వీనిని కనిపెట్టవలెను. నూనె మజ్జిగవలె తెల్లబడినచో నీరు చేరినది. పోయకయే మట్టము పెరిగి డీజిలు వాసన కొట్టినచో డీజిలు దిగుచున్నది. ఈ రెంటిలో ఏది కనబడినను ఇంజను నాపవలెను. నలుపు చూచి కలవరపడు రైతే తెలుపు చూచి ఊరకుండుట మాకు వింతగా తోచును.

ఇంజనుకు అసలు శత్రువు దుమ్ము. వేసవి దుక్కులందును, నూర్పిళ్లయందును లేచు దుమ్ములోని ఇసుకరేణువులు రింగులకును లైనరునకును నడుమ ఆకురాయివలె పనిచేయును. ఎయిరు ఫిల్టరు గిన్నెలో బురద పేరుకొనియుండగా, దాని రబ్బరుగొట్టము పగిలియుండగా, ఎంత ఖరీదైన నూనె పోసినను ఫలమేమి?

ఇంజను మరమ్మతునకు అప్పు కోరిన సభ్యునిచే ముందుగా కంప్రెషను కొలిపించి, ఆ కొలతను దరఖాస్తుతో చేర్చుమని సంఘములు అడుగవలెను. నూనె మార్చిన తేదీయు, నడచిన గంటలును వ్రాసికొనుటకు ప్రతి సభ్యునికి ఒక చిన్నపుస్తక మిచ్చుట పెద్ద ఖర్చు కాదు. తీసివేసిన నూనె కాలువలలో పోయకుండ గిడ్డంగియొద్ద ఒక మూతపీపా నుంచి, పోగైనదానిని అనుమతి గల శుద్ధిదారులకే అమ్మవచ్చును.