రంగులు కలిపిన గదులు

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలు ఇరవయ్యో శతాబ్దపు తెలుగు చిత్రకళకు ఇద్దరు పెద్దలను ఇచ్చాయి. 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య, 1919లో విజయనగరంలో పుట్టిన అంట్యాకుల పైడిరాజు పుట్టి పెరిగిన ఇళ్ళను, వారు రంగులు కలిపి బొమ్మలు వేసిన గదులను చారిత్రక స్థలాలుగా గుర్తించి, చట్టం అండతో కాపాడవలసిన బాధ్యత రాష్ట్ర ప్రభుత్వానిది, ఆ రెండు పట్టణాల పాలక సంస్థలది. విగ్రహం నిలిపి, వీధికి పేరు పెట్టి, జయంతినాడు పూలమాల వేస్తే ఈ బాధ్యత తీరదు. చిత్రకారుడి విగ్రహం ఆయన ముఖం ఎలా ఉండేదో చెబుతుంది; ఆయన ఏం చూసేవాడో, ఏ వెలుగులో చూసేవాడో, చూసినదాన్ని కాగితం మీదికి ఎలా తెచ్చేవాడో చెప్పగలిగింది ఆయన పనిచేసిన చోటు ఒక్కటే.

వ.పా. అన్న రెండక్షరాల సంతకంతో తెలుగు ఇళ్ళకు పరిచయమైన పాపయ్య డ్రాయింగు మాస్టారి కొడుకు. 1959 ప్రాంతం నుంచి దాదాపు మూడు దశాబ్దాల పాటు చందమామ ముఖచిత్రాల ద్వారా, యువ వంటి పత్రికల్లో వేసిన వర్ణచిత్రాల ద్వారా ఆయన పురాణ పాత్రలకు, రుతువులకు, రాగాలకు కల్పించిన రూపాలే ఒక తరం తెలుగువారి కళ్ళల్లో స్థిరపడ్డాయి. ప్రచారానికి దూరంగా బతికిన ఆ మనిషి 1992 డిసెంబరులో కశింకోటలో కన్నుమూశారు. పైడిరాజు మద్రాసు కళాశాలలో దేవీప్రసాద్ రాయ్ చౌధురి దగ్గర చిత్రలేఖనం, శిల్పం నేర్చుకుని, నేర్చిన విద్యతో సొంత ఊరికి తిరిగివచ్చి, విజయనగరంలో చిత్రకళ నేర్పే పాఠశాల నెలకొల్పి, 1986లో చనిపోయే వరకు పల్లె స్త్రీల బొట్టు, కొప్పు, అలంకరణ, జానపదుల నడక, నిలకడ తన బొమ్మలకు వస్తువుగా చేసుకున్నారు. వీరిద్దరూ కొండలను, నదులను మాత్రమే గీసే ప్రకృతి దృశ్య చిత్రకారులు కారు. అయినా ఒకరి మనుషుల వెనుక నిలిచే చెట్టూ చేమా ఆకాశమూ, మరొకరి స్త్రీల ఒంటి రంగూ చీర కట్టూ నాగావళి, వంశధార, చంపావతి నదుల నడుమనున్న నేల నుంచి వచ్చినవే కనుక, వారి బొమ్మలను ఆ నేల నుంచి విడదీసి అర్థం చేసుకోవడం సాధ్యం కాదు.

పనిగది ఎందుకంత ముఖ్యమో వివరంగా చెప్పుకోవలసి ఉంది. పత్రిక కోసం గీసిన బొమ్మ పాఠకుడి చేతికి అసలు రూపంలో రాదు. చిత్రకారుడి మూలచిత్రాన్ని కెమెరా ముందు పెట్టి, దానిలోని రంగులను పసుపు, ఎరుపు, నీలం, నలుపు అనే నాలుగు పొరలుగా విడదీసి, ఒకదానిపై ఒకటి అచ్చువేసినప్పుడు తయారయ్యేది దానికి నకలు మాత్రమే. కుంచె ఒత్తిడి, కాగితపు గరుకుదనం, ఒక రంగు ఆరకముందే మరో రంగు కలిపినప్పుడు పుట్టే ఛాయ ఆ నకలులో చాలావరకు పోతాయి. అంటే లక్షలమంది చూసిన వ.పా. బొమ్మను అసలు రూపంలో చూసినవారు చాలా కొద్దిమంది. మూలచిత్రాలు, వాటికి ముందు పెన్సిలుతో వేసుకున్న చిత్తు గీతలు, రంగులు పరీక్షించి పక్కన పడేసిన కాగితపు ముక్కలు, వాడిన కుంచెలు, పళ్ళేలు, ఎదుట పెట్టుకుని చూసిన వస్తువులు ఒకచోట దొరికినప్పుడే ఆ చేతి పని తీరు పరిశోధకుడికి పట్టుబడుతుంది. వాటిని గది నుంచి తరలించి వేరే ఊరి మ్యూజియం అద్దాల పెట్టెలో పెట్టినా వస్తువులు మిగులుతాయి కానీ, కిటికీ ఎటువైపుంది, బల్ల దానికి ఎంత దూరంలో ఉంది, మధ్యాహ్నపు ఎండ ఏ గోడ మీద పడి తిరిగి కాగితం మీదికి వచ్చేది అన్న సంగతులు మిగలవు.

వెలుగు సంగతి మరికాస్త చెప్పాలి. యూరపులో స్టూడియోకు, అంటే చిత్రకారుడు పనిచేసే గదికి, ఉత్తరపు కిటికీ పెట్టడం పాత ఆనవాయితీ. అక్కడ సూర్యుడు దాదాపు ఎప్పుడూ దక్షిణం వైపే ఉంటాడు కాబట్టి ఉత్తరం నుంచి వచ్చే వెలుగు పొద్దంతా ఒకే తీరుగా ఉండి రంగును మార్చదు. శ్రీకాకుళం, విజయనగరాలు దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నందున వేసవిలో కొన్ని వారాలపాటు సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి జరుగుతాడు. ఆ రోజుల్లో యూరపు సూత్రం ఇక్కడ చెల్లదు. సముద్రపు తేమతో నిండిన గాలి వెలుగును పలచబరుస్తుంది, తొలకరి తరువాత పచ్చదనం గదిలోకి ప్రతిఫలిస్తుంది. ఇలాంటి వెలుగులో ఇక్కడి చిత్రకారుడు రంగును ఎలా నిర్ణయించుకున్నాడన్న ప్రశ్నకు సమాధానం ఏ పుస్తకంలోనూ దొరకదు. ఆ గది గోడలను, చూరును, కిటికీని కొలిస్తేనే దొరుకుతుంది.

ఇంతటి ఆధారానికి నేటి చట్టంలో రక్షణ లేదు. జాతీయ ప్రాధాన్యం గల కట్టడాలను కాపాడే 1958 నాటి కేంద్ర చట్టమూ, దాని బాటలోనే వచ్చిన 1960 నాటి రాష్ట్ర చట్టమూ కనీసం వంద సంవత్సరాల వయసున్న కట్టడాన్నే ప్రాచీన కట్టడంగా లెక్కిస్తాయి. ముఖలింగం ఆలయాలకు, శాలిహుండం స్తూపానికి ఈ కొలమానం సరిపోతుంది. 1940ల తరువాత చేయి తిరిగిన చిత్రకారుల పనిగదులకు మాత్రం అది మరో పదిహేనేళ్ళు గడిస్తే తప్ప వర్తించదు. కట్టడాన్ని వదిలి కళాకృతుల సంగతి చూసినా ఫలితం ఇంతే. 1972 నాటి ప్రాచీన వస్తువుల, కళానిధుల చట్టం కింద కేంద్రం ‘కళానిధులు’గా, అంటే ప్రాచీనం కాకపోయినా దేశం దాటి పోకూడని సంపదగా, ప్రకటించినవి తొమ్మిదిమంది చిత్రకారుల కృతులు: రవివర్మ, రవీంద్రనాథ్, అవనీంద్రనాథ్, గగనేంద్రనాథ్ ఠాగూర్లు, నందలాల్ బోస్, జామినీ రాయ్, అమృతా షేర్‌గిల్, శైలజ ముఖర్జీ, రష్యాలో పుట్టి కులూ లోయలో స్థిరపడిన నికొలాయ్ రోరిక్. ఈ వరుసలో తెలుగు పేరు ఒక్కటీ లేదు. ఆ తొమ్మిదిమంది గొప్పతనాన్ని తక్కువ చేయనక్కరలేదు. తెలుగువారు తమ చిత్రకారుల తరఫున అడగవలసిన చోట గట్టిగా అడగకపోవడం మాత్రం లోపమే.

తలచుకుంటే తెలుగువారు ఈ పని చేయలేనివారేమీ కారు. రాజమహేంద్రవరంలో గోదావరి తీరపు దృశ్యాలను, చుట్టూ ఉన్న మనుషులను చిత్రించిన దామెర్ల రామారావు 1925లో 28 ఏళ్ళు నిండకముందే మశూచికి బలైనప్పుడు, వరదా వెంకటరత్నం వంటి సహచరులు ఆయన కృతులను చెల్లాచెదురు కానివ్వకుండా ఆయన ఊళ్ళోనే నిలిపి, ఆయన పేరిట చిత్రశాలను, పాఠశాలను నడిపారు. ఈనాడు దామెర్ల గురించి ఎవరు ఏం రాయాలన్నా వెళ్ళవలసిన చోటు ఒకటి ఉండటానికి కారణం ఆ పట్టుదలే. విజయనగరంలో గురజాడ అప్పారావు నివసించిన ఇల్లు స్మారకంగా నిలిచింది కాబట్టే ‘కన్యాశుల్కం’ చదివినవాడు ఆ వీధిలో నిలబడి ఆ నాటకం పుట్టిన ఊరిని ఊహించుకోగలుగుతున్నాడు. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు తనకు వచ్చిన పురస్కారాల సొమ్ముతో 1997లో కథానిలయం నెలకొల్పి, తెలుగు కథ మొత్తానికీ ఒక భాండాగారాన్ని తన జిల్లాలో నిలబెట్టారు. ఒక రిటైర్డు బడిపంతులు కథకు చేసినంత పని, అధికారులూ నిధులూ ఉన్న ప్రభుత్వం చిత్రకళకు చేయలేనంటే ఒప్పుకోవడం కష్టం. సంగీతానికి 1919లోనే కళాశాల పెట్టుకుని, ఆదిభట్ల నారాయణదాసును తొలి అధ్యక్షుడిగా కూర్చోబెట్టుకున్న విజయనగరానికి పైడిరాజు విషయంలో వేరే న్యాయం ఉండరాదు.

ఆలస్యానికి వెల ఎంతో చెప్పే ఉదాహరణలు కూడా ఉన్నాయి. కలకత్తా జోడాసాంకోలో అవనీంద్ర, గగనేంద్రులు బొమ్మలు వేసిన అయిదో నంబరు ఇల్లు 1940లలో చేతులు మారి నేలమట్టమైంది. ఆధునిక భారతీయ చిత్రకళ రూపుదిద్దుకున్న ఆ దక్షిణపు వసారా ఇప్పుడు జ్ఞాపకాల్లో, రాతల్లో మాత్రమే ఉంది. అమెరికాలో హడ్సన్ నది లోయను చిత్రించిన థామస్ కోల్ స్వయంగా రూపొందించుకున్న స్టూడియోను 1973లో కూల్చివేశారు. 2016లో దాన్ని మళ్ళీ కట్టారు కానీ, కొత్తగా కట్టిన గోడ పాత గోడకు సాక్ష్యం కాలేదు. కోల్ శిష్యుడు ఫ్రెడరిక్ చర్చ్ ఇంటి కథ ఇందుకు భిన్నంగా నడిచింది. ఒలానా అనే ఆ ఇంటిని, అందులోని సామగ్రిని వారసులు అమ్మకానికి పెట్టే దశలో డేవిడ్ హంటింగ్టన్ అనే కళాచరిత్రకారుడు ఉద్యమం నడపగా, 1966లో న్యూయార్క్ రాష్ట్రం దాన్ని కొని మరుసటి ఏడాదే ప్రజలకు తెరిచింది. అక్కడివారు ఇంటితో ఆగలేదు. ఇంటి కిటికీలోంచి చిత్రకారుడు చూసిన నదిని, కొండలను కూడా ఆ స్థలంలో భాగంగానే పరిగణించారు. 1970ల చివర నది ఒడ్డున అణువిద్యుత్ కేంద్రం కట్టాలన్న ప్రతిపాదనను అడ్డుకున్న వాదనల్లో ఒలానా నుంచి కనిపించే దృశ్యం చెడిపోతుందన్న వాదన కూడా బలంగా పనిచేసింది.

ఉత్తరాంధ్రకు అందులో ఒక పాఠం ఉంది. చిత్రకారుడి ఇంటికి రక్షణ అంటే నాలుగు గోడలకు సున్నం కొట్టించడం కాదు; ఆయన చూపు ఆనిన చెరువుగట్టు, తాటితోపు, నది మలుపు, కొండవాలు క్వారీలకు, ఇసుక తవ్వకాలకు, ఆక్రమణలకు పోకుండా చూడటం కూడా అందులో భాగమే. ఊరి జ్ఞాపకాన్ని తేలికగా తీసుకుంటే ఏమవుతుందో 2020లో విజయనగరంలో మూడు లాంతర్ల స్తంభాన్ని తొలగించినప్పుడు అందరూ చూశారు. ప్రజలు ఆగ్రహించేసరికి తొలగింపు పూర్తయింది.

ఇళ్ళు ప్రైవేటు ఆస్తులు కదా, వారసుల హక్కు మాటేమిటన్న ప్రశ్న న్యాయమైనదే, దానికి తగిన జవాబు చెప్పి తీరాలి. ఇంటివారి ఇష్టం లేకుండా నోటీసు అంటించి, మరమ్మతుకైనా అనుమతి దొరకని స్థితి కల్పిస్తే, కాపాడటం పేరుతో వారికి అన్యాయం చేసినట్టే. అమ్మదలచుకున్నవారి దగ్గర ప్రభుత్వం మార్కెట్ ధరకు కొనాలి. ఉండదలచుకున్నవారికి మరమ్మతు ఖర్చు ఇచ్చి, ఆస్తిపన్ను మినహాయించి, సందర్శన వేళలు వారితో మాట్లాడి కుదుర్చుకోవాలి. రోడ్ల విస్తరణలో స్థలం పోయినవారికి ఇస్తున్న టీడీఆర్ బాండు, అంటే ఒకచోట కట్టుకోలేకపోయిన అంతస్తుల హక్కును మరోచోట వాడుకోవడానికో అమ్ముకోవడానికో వీలిచ్చే పత్రం, ఇలాంటి ఇళ్ళకూ ఉదారంగా వర్తించాలి. చిత్రాల కాపీరైటు వేరే సంగతి: చిత్రకారుడు పోయిన తరువాత అరవై ఏళ్ళు అది సాగుతుంది కాబట్టి, ఇల్లు కొన్నంత మాత్రాన బొమ్మలు అచ్చువేసుకునే హక్కు ప్రభుత్వానికి రాదు, ఆ ఒప్పందం విడిగా, వారసులకు గౌరవం దక్కే తీరులో జరగాలి. బడులకే పైకప్పులు లేనప్పుడు బొమ్మల ఇళ్ళకు డబ్బు ఎందుకనే వాదన కూడా వినిపిస్తుంది. ఈ రెంటికీ పోటీ పెట్టడం సరికాదు. బడిలో డ్రాయింగు పీరియడ్ పేరుకు మాత్రమే మిగిలిన జిల్లాల్లో, బడిపిల్లలు వెళ్ళి కూర్చుని గీయగలిగిన ఒక చిత్రకారుడి గది బడికి పొడిగింపే అవుతుంది.

వ.పా. విషయంలో పాలనాపరమైన చిక్కు కూడా ఉంది. ఆయన పుట్టింది శ్రీకాకుళంలో, చివరి శ్వాస విడిచిన కశింకోట 2022 పునర్విభజన తరువాత అనకాపల్లి జిల్లాలో ఉంది. ఏ జిల్లా యంత్రాంగం చేయాలన్న తర్జనభర్జనలో పని ఆగకూడదంటే రాష్ట్ర పురావస్తు, మ్యూజియంల శాఖే రెండు చోట్ల బాధ్యతనూ నేరుగా తీసుకోవాలి. 1960 నాటి చట్టంలో వందేళ్ళ నిబంధనకు మినహాయింపుగా, సాహిత్య, కళారంగాల ప్రముఖుల నివాసాలకు ప్రత్యేక తరగతి చేర్చే సవరణను శాసనసభ ముందుకు తేవాలి. తెలుగు చిత్రకారుల పేర్లను కళానిధుల జాబితాకు పంపవలసింది కూడా రాష్ట్రమే.

సవరణ వచ్చేవరకు చేతులు కట్టుకుని కూర్చునే వీలు లేదు. అరకాగితం మీద నీటిరంగుతో వేసిన బొమ్మకు కోస్తా తేమ, బూజు, చెదలు రోజూ ఎదురయ్యే శత్రువులు. 2014 అక్టోబరులో హుద్‌హుద్, 2018 అక్టోబరులో పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాన్లు పెంకుటిళ్ళను ఏం చేశాయో ఈ జిల్లాలకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వాస్తుశాఖా ఉంది, లలితకళల శాఖా ఉంది. కుటుంబాల అనుమతితో ఆ విద్యార్థులు ఈ చిత్రకారుల పేరుతో ముడిపడిన ప్రతి ఇంటినీ, పాఠశాలనూ కొలిచి పటాలు గీయడం, ప్రతి గోడనూ కిటికీనీ ఫొటో తీయడం, మిగిలిన మూలచిత్రాలను ఉన్నచోటే స్కాన్ చేసి ఆమ్లం లేని కాగితంలో చుట్టి భద్రపరచడం ఒక వేసవి సెలవుల్లో అయ్యే పని. పైకప్పు పెంకులు సరిచేయించడం అంతకన్నా చిన్న పని. ఆ రెండూ వచ్చే అక్టోబరు వాయుగుండాలకు ముందే జరగాలి.