ర్యాంపు లేని భవనానికి ఓసీ ఇవ్వొద్దు

మన మండల కార్యాలయాల ముందు కట్టిన ర్యాంపులను ఒకసారి పరీక్షగా చూడండి. పక్కన మూడు మెట్లుంటాయి, ఒక్కోటి ఆరంగుళాలు. అంటే నేల నుంచి గడప దాకా అడుగున్నర ఎత్తు. ప్రమాణాల ప్రకారం అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల వాలు ఉండాలి కాబట్టి అక్కడ పద్దెనిమిది అడుగుల ర్యాంపు కట్టాలి. చాలాచోట్ల కనిపించేది ఆరడుగులు, మహా అయితే ఎనిమిది. దానిమీద నున్నటి టైల్స్ పరుస్తారు. పట్టుకోవడానికి కడ్డీ ఉండదు. కింద రెండు మోటారు సైకిళ్లు ఆపి ఉంటాయి, పైన గ్రిల్లు గేటుకు తాళం ఉంటుంది. మూడు చక్రాల బండిలో వచ్చిన మనిషి దాన్ని సొంతంగా ఎక్కలేడు. ఎవరో వెనక నుంచి తోస్తే ఎక్కినా, దిగేటప్పుడు బండి అదుపు తప్పుతుంది. అయినా తనిఖీ పత్రంలో ‘ర్యాంపు ఉంది’ అన్న గడిలో టిక్కు పడుతుంది. కాంట్రాక్టరుకు బిల్లు కూడా మంజూరవుతుంది.

ఇందులో మేస్త్రీని తప్పుపట్టి లాభం లేదు. కొలత తప్పినా బిల్లు ఆగదని, సర్టిఫికెట్ ఆగదని, ఎవరి ఉద్యోగానికీ ముప్పు రాదని పైనుంచి కింద దాకా అందరికీ తెలుసు. ఆ ధీమా పోనంత కాలం వికలాంగుల హక్కుల గురించి మనం ఎన్ని చట్టాలు చేసుకున్నా అవి కాగితాల మీదే ఉంటాయి.

చట్టం బలహీనమైనది కాదు. ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒడంబడికను భారత్ 2007లో ఆమోదించింది. దానికి తగ్గట్టు తెచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం 1995 నాటి పాత చట్టంలోని ఏడు రకాల వైకల్యాలను ఇరవై ఒకటికి పెంచింది. ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్‌ను మూడు నుంచి నాలుగు శాతం చేసింది, ఉన్నత విద్యలో ఐదు శాతం సీట్లిచ్చింది. అన్నిటికంటే పదునైనది 44వ సెక్షన్. ప్రమాణాలు పాటించని ప్లానుకు అనుమతి ఇవ్వకూడదు, పాటించని భవనానికి పూర్తయినట్టు సర్టిఫికెట్ ఇవ్వకూడదు, అందులోకి ఎవరినీ చేరనివ్వకూడదు అని అది సూటిగా చెబుతోంది. ప్రభుత్వ భవనాలకే పరిమితం కూడా కాదు. ప్రజలు వచ్చిపోయే ప్రైవేటు ఆసుపత్రి, కాలేజీ, సినిమా హాలు, షాపింగ్ మాల్ అన్నీ దాని కిందికి వస్తాయి. అప్పటికే కట్టి ఉన్న భవనాలను మార్చడానికి 45వ సెక్షన్ ఐదేళ్ల గడువు పెట్టింది. నిబంధనలు 2017 జూన్‌లో వెలువడ్డాయి కనుక ఆ గడువు 2022 జూన్‌తోనే తీరిపోయింది.

మరి లోపం ఎక్కడుంది? ఆ నిబంధనల్లోనే ఉంది. చట్టం తప్పనిసరి ప్రమాణాలు పెట్టమంటే, కేంద్రం 15వ నిబంధన కింద మార్గదర్శకాలను ముందుపెట్టి ఊరుకుంది. మార్గదర్శకాన్ని పాటించనివాడిని ఎవరు ఏం చేయగలరు? ఈ లొసుగును బయటికి లాగిన కేసు 2005 నాటిది. చూపులేని రాజీవ్ రతూరి వేసిన పిటిషన్‌పై సుప్రీంకోర్టు 2017 డిసెంబరులో గడువులతో సహా ఆదేశాలిచ్చింది. అవి సరిగా అమలు కాకపోవడంతో క్షేత్రస్థాయి పరిస్థితి మీద నివేదిక ఇచ్చే పనిని హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగుల అధ్యయన కేంద్రానికి అప్పగించింది. ఆ నివేదికను పరిశీలించాక 2024 నవంబరు 8న అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్ నేతృత్వంలోని ధర్మాసనం 15వ నిబంధన మూలచట్టానికే విరుద్ధమని తేల్చింది. తప్పనిసరి ప్రమాణాలను, సలహాలను విడదీసి మూడు నెలల్లో కొత్త నిబంధనలు తేవాలని, అవి వచ్చాక పాటించనివారికి సర్టిఫికెట్లు ఆపాలని, జరిమానాలు వేయాలని ఆదేశించింది. ఆ మూడు నెలల గడువు 2025 ఫిబ్రవరితోనే ముగిసింది. పిటిషన్ వేసిన నాటి నుంచి లెక్కపెడితే ఇరవై ఏళ్లు దాటాయి. ఆ ఏడాది పుట్టిన బిడ్డ కాలేజీ చదువు ముగించే వయసుకు వచ్చింది. ఆ బిడ్డకు పోలియో ఉంటే, చదివిన ప్రతి బడిలోనూ మెట్ల ముందు ఆగి ఎవరో ఒకరి చేతుల మీద పైకి వెళ్లి ఉంటుంది.

ఢిల్లీ నుంచి నిబంధనలు రానివ్వండి, ఆ తర్వాత చూద్దాం అనే మాట సచివాలయాల్లో వినిపిస్తుంటుంది. ఈ మాటను మేం ఒప్పుకోం. వికలాంగుల సహాయం రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోని అంశం. స్థానిక సంస్థలూ రాష్ట్రాలవే. సెట్‌బ్యాక్ ఎంత వదలాలో, లిఫ్టు ఎప్పుడు పెట్టాలో, పార్కింగ్‌కు ఎంత చోటు ఉంచాలో రెండు తెలుగు రాష్ట్రాలూ సొంత భవన నిర్మాణ నిబంధనలతోనే శాసిస్తున్నాయి. కార్ల పార్కింగ్ చూపని ప్లానును టౌన్ ప్లానింగ్ అధికారి వెనక్కి పంపగలిగినప్పుడు, చక్రాల కుర్చీ తిరగని ప్లానును ఎందుకు పంపలేడు? అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ లేనిదే పెద్ద ఆసుపత్రి తెరవకూడదన్న నియమాన్ని ఎవరూ సలహాగా చూడరు. ప్రవేశ సదుపాయానికీ అదే స్థాయి కావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు తమ భవన నిబంధనలను వెంటనే సవరించాలి. ర్యాంపు వాలు, తొంభై సెంటీమీటర్ల తలుపు, బయటికి తెరుచుకునే తలుపు, పట్టుకునే కడ్డీలు ఉన్న మరుగుదొడ్డి, లిఫ్టులో బ్రెయిలీ మీటలు, అంతస్తు పేరు చెప్పే గొంతు ఉంటేనే ఓసీ (ఆక్యుపెన్సీ సర్టిఫికెట్) ఇవ్వాలి. ఒకటి తక్కువైనా ఇవ్వకూడదు.

ఖర్చు సంగతేమిటని బిల్డర్లు అడుగుతారు. పునాది దగ్గరే ప్లానులో పెట్టుకుంటే ర్యాంపు ఖర్చు మొత్తం నిర్మాణంలో లెక్కలోకి రానంత చిన్నది. భారం పడేది కట్టేసిన గోడను కొట్టి తలుపు వెడల్పు చేసేటప్పుడే. అందుకే కట్టకముందే ఆపమంటున్నాం. ఇంకో వాదన కూడా ఉంది, మా ఆఫీసుకు వికలాంగులు పెద్దగా రారు కదా అని. లోపలికి దారి లేని చోటికి వాళ్లెలా వస్తారు? 2011 జనగణన ప్రకారం దేశంలో 2.68 కోట్ల మంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 22 లక్షలకు పైగా వికలాంగులున్నారు. ఆ లెక్క కూడా ఎనిమిది రకాల వైకల్యాలనే అడిగి తీసినది. మోకాళ్లరిగిన పెద్దవాళ్లు, నిండు చూలాళ్లు, కాలు విరిగి కట్టు కట్టించుకున్నవాళ్లు ఇందులో లేరు.

పైగా ఇది మనకు చేతకాని పని కాదు. ఎన్నికల రోజు పోలింగ్ కేంద్రమైన బడిని గుర్తు తెచ్చుకోండి. ర్యాంపు, చక్రాల కుర్చీ, తోడు నిలిచే వాలంటీరు అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఈ ఏర్పాట్లు వాటంతట అవి రాలేదు. 2004లో జావేద్ అబిదీ నేతృత్వంలోని వికలాంగుల హక్కుల సంఘం సుప్రీంకోర్టు మెట్లెక్కి ఎన్నికల సంఘాన్ని నిలదీస్తే మొదలయ్యాయి. ఓటరుగా ఒక్క రోజు లోపలికి వెళ్లగలిగిన మనిషికి, అదే బడిలో చదివే తన కూతురి టీచరును కలవడానికి వెళ్లేనాటికి ఆ ఏర్పాటు ఎందుకు ఉండకూడదు? 2017 నవంబరులో మొదలైన హైదరాబాద్ మెట్రో స్టేషన్లలో లిఫ్టులున్నాయి, చూపులేనివారు పాదంతో తడిమి నడిచే గీతల పలకలున్నాయి. కష్టమంతా స్టేషన్ దాటి ఫుట్‌పాత్ మీదికి వచ్చాకే. ట్రాన్స్‌ఫార్మరు, బజ్జీల బండి, సగం లేచిన మ్యాన్‌హోల్ మూత వరసగా అడ్డం వస్తాయి. అక్కడి నుంచి ఇంటికి సిటీ బస్సు పట్టుకోవాలంటే మొదటి మెట్టే మోకాలెత్తు. రాయితీ బస్సుపాసు జేబులో ఉండి బస్సెక్కలేకపోవడం ఈ రాష్ట్రాల్లో వేలమందికి రోజువారీ అనుభవం.

పింఛను గురించి కూడా నిక్కచ్చిగా మాట్లాడుకోవాలి. కేంద్రం తన పథకంలో ఎనభై శాతం వైకల్యమున్న పేదలకు నెలకు ఇస్తున్నది 300 రూపాయలు. ఈ రోజుల్లో ఆ డబ్బుతో వారం మందులు కూడా రావు, దాన్ని పెంచకపోవడం సిగ్గుచేటు. ఆంధ్రప్రదేశ్ 2024లో పింఛనును 3,000 నుంచి 6,000 చేసింది. అది మంచి పని. కానీ 2025లో పునఃపరిశీలన పేరుతో వేలమందికి నోటీసులు వెళ్లాయి. దొంగ సర్టిఫికెట్లను ఏరేయాల్సిందే, అందులో రెండో మాట లేదు. అయితే పుట్టుచెవుడున్న మనిషిని, మంచం దిగలేని మనిషిని మళ్లీ మీ సేవలో స్లాటు బుక్ చేసుకుని, ఆటో మాట్లాడుకుని, జిల్లా ఆసుపత్రిలో వైకల్యాన్ని నిర్ధారించే సదరం క్యాంపులో పొద్దుటి నుంచి వరసలో కూర్చోమనడం ఏం న్యాయం? మంచాన పడ్డవారి దగ్గరికి వైద్యుడే వెళ్లాలి. తప్పుడు సర్టిఫికెట్ ఇచ్చిన చేతిని వదిలేసి, నిజమైన అర్హులను తిప్పడం తిరకాసు పద్ధతి. తెలంగాణలో 4,016 రూపాయలను 6,000 చేస్తామని 2023 ఎన్నికల్లో కాంగ్రెస్ మాటిచ్చింది. ఆ మాట కోసం వికలాంగులు 2025లోనూ రోడ్డెక్కాల్సి వచ్చింది. ఇచ్చిన హామీ నిలబెట్టుకోవాలి. కానీ పింఛను ఇచ్చాం, ఇక మా పని అయిపోయిందనుకునే ప్రభుత్వాన్నీ మేం సమర్థించం. మనిషి బతకడానికి డబ్బు కావాలి. ఆ డబ్బు తనే సంపాదించుకోగల మనిషికి బడి, బస్సు, ఆఫీసు తలుపులు తెరిచి ఉండాలి.

బొల్లా శ్రీకాంత్ పేరు చెప్పుకుని మనం మురిసిపోతాం. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టి, ఎంఐటీలో చదివి, హైదరాబాద్‌లో కంపెనీ పెట్టి వందలమందికి ఉపాధి చూపించాడు. ఆయన కథ సినిమా అయింది. కానీ పదో తరగతి తర్వాత సైన్సు చదవడానికి ఆయన కోర్టుకు వెళ్లాల్సి వచ్చింది. అందులో గర్వపడాల్సిన సంగతి ఆయన పట్టుదల ఒక్కటే, మిగతాది మన విద్యావ్యవస్థ తలవంచుకోవాల్సిన విషయం. చంకకర్రలతో నడిచి కేంద్రమంత్రి స్థాయికి ఎదిగి, ఉత్తమ పార్లమెంటేరియన్ అనిపించుకున్న జైపాల్ రెడ్డిని చూసీ అంతే గర్విస్తాం. కోర్టుకు వెళ్లే స్తోమత లేక, ఊళ్లో అంత చదువు చెప్పేవాళ్లు లేక ఆగిపోయిన పిల్లల మాటేమిటి? ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రాథమిక స్థాయిలో పదిమందికి ఒకరు, ఆపై స్థాయిలో పదిహేను మందికి ఒకరు చొప్పున ప్రత్యేక ఉపాధ్యాయులుండాలని సుప్రీంకోర్టు 2021 అక్టోబరులో చెప్పింది. ఈ పిల్లల కోసం నడిచే మన భవిత కేంద్రాల్లో కాంట్రాక్టు జీతాల మీద నెట్టుకొస్తున్న టీచర్లను క్రమబద్ధీకరించి, ఆ నిష్పత్తికి చేరేదాకా పోస్టులు నింపాలి.

హక్కు ఎప్పుడూ అడిగినవాడికే వచ్చింది. అమెరికాలో 1973లో చేసిన పునరావాస చట్టంలోని 504వ సెక్షన్‌కు నాలుగేళ్లపాటు నిబంధనలు రాలేదు. 1977 ఏప్రిల్‌లో వికలాంగులు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ప్రభుత్వ భవనంలోకి చక్రాల కుర్చీలతో వెళ్లి మూడు వారాలకు పైగా కదలకుండా కూర్చున్నారు. ముందు నిలిచింది పోలియో బారినపడిన జూడీ హ్యూమన్. ఏప్రిల్ 28న మంత్రి సంతకం పెట్టక తప్పలేదు. చట్టం ఉండి నిబంధనలు లేని మన పరిస్థితికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ దొరకదు. ఇక్కడ 1995 చట్టం కూడా ఢిల్లీలో వికలాంగులు నిరసనకు దిగాకే పార్లమెంటులో కదిలింది. వికలాంగుల హక్కుల పోరాట సమితి, వికలాంగుల హక్కుల జాతీయ వేదిక వంటివి మన జిల్లాల్లో పింఛను కోసం కలెక్టరేట్ల ముందు కూర్చుంటున్నాయి. అదే బలాన్ని మున్సిపల్ ఆఫీసుల వైపూ తిప్పాలని మా విన్నపం. ఓసీ ఇచ్చిన ప్రతి పెద్ద భవనం కాగితాలనూ సమాచార హక్కు కింద అడగాలి. ర్యాంపు లేని భవనానికి సంతకం పెట్టిన అధికారి పేరు బయటపెట్టాలి.

అధికారిని జవాబుదారీ చేయడానికి చట్టంలో దారి ఉంది. ఉల్లంఘనకు మొదటిసారి పదివేల దాకా, ఆ తర్వాత యాభైవేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా వేయమంటుంది 89వ సెక్షన్. వికలాంగుల రాష్ట్ర కమిషనర్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి. కానీ చాలా రాష్ట్రాల్లో ఈ పదవిని శాఖాధికారికే అదనపు బాధ్యతగా తగిలిస్తారు. తన శాఖ మీద వచ్చిన ఫిర్యాదును తానే విచారించే కమిషనర్ వల్ల ఎవరికి న్యాయం జరుగుతుంది? ఈ పదవిలో స్వతంత్రుడైన వ్యక్తి ఉండాలి, వీలైతే వికలాంగుల ఉద్యమం నుంచి వచ్చినవారే ఉండాలి. సొంత సిబ్బంది, తిరగడానికి వాహనం, ప్రతి మూడు నెలలకూ ఎన్ని భవనాలు తనిఖీ చేశారో, ఎన్ని ఓసీలు ఆపించారో ప్రజలకు చెప్పే బాధ్యత ఆ కుర్చీకి ఉండాలి. తనిఖీ బృందంలో చక్రాల కుర్చీ వాడే ఒకరు, చూపులేని ఒకరు ఉండాలి. కొలతటేపు పట్టుకున్న ఇంజినీరుకు తట్టని తప్పు, బండి ఇరుక్కున్న మనిషికి తక్షణం తెలుస్తుంది.

అమరావతిలో ఇప్పుడు సచివాలయ టవర్లు, హైకోర్టు, శాసనసభ భవనాల పనులు నడుస్తున్నాయి. తెలంగాణ ఫ్యూచర్ సిటీకి ప్రణాళికలు వేసుకుంటోంది. వేల కోట్ల రూపాయల నిర్మాణాలివి, డ్రాయింగులు ఇంకా మార్చుకోవచ్చు. వీటన్నిటి ప్లాన్లనూ వికలాంగ సంఘాల ముందుంచి, వాళ్లు చెప్పిన మార్పులు చేశాకే మిగతా పనులకు బిల్లులు విడుదల చేయాలి. ఆ మేరకు రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులూ వచ్చే డిసెంబరు 3, అంతర్జాతీయ వికలాంగుల దినోత్సవం లోపల జీవోలు ఇవ్వాలి. ఆ రోజు త్రిచక్ర వాహనాలు పంచే సభలో, జీవో నంబరు చదివి వినిపించాలి.