కృతజ్ఞతా కూడిక మరునాడు

సమాజమందిరపు అధికారి యాయీరు కూతురికి పన్నెండేళ్లు. చనిపోయిన ఆ చిన్నదాన్ని యేసుప్రభువు చెయ్యి పట్టుకుని లేపిన సంగతి మనం సండేస్కూలు నాటి నుంచీ వింటున్నాం. వెంటనే ఆయన చెప్పిన మాటను మాత్రం మన ప్రసంగాలు తరచూ దాటేస్తాయి. ఇంటివారంతా నిర్ఘాంతపోయి నిలబడి ఉంటే, పిల్లకు తినడానికేమైనా పెట్టమన్నాడాయన (మార్కు సువార్త 5వ అధ్యాయం). ప్రాణం తిరిగొచ్చిన బిడ్డకు ఆకలి కూడా వేస్తుందన్న సంగతి ఆయనకు గుర్తుంది.

క్యాన్సర్ నుంచి బయటపడిన మన పిల్లల విషయంలో మన సంఘాలు అద్భుతం దగ్గరే ఆగిపోతున్నాయి. జబ్బని తెలియగానే ఉపవాస ప్రార్థనలు చేస్తాం, ప్రత్యేక కానుక పడతాం. చికిత్స ముగిశాక కృతజ్ఞతా కూడిక పెట్టి, సాక్ష్యం చెప్పించి, భోజనాలు చేసి వస్తాం. మంచిదే. మరి ఆ మరునాటి నుంచి?

ఒకప్పుడు ఈ ప్రశ్నకు తావే లేదు. రక్తక్యాన్సర్ సోకిన పిల్లలు నెలల్లోనే కన్నుమూసేవారు. అమినోప్టెరిన్ అనే మందుతో కొందరు పిల్లల్లో ఆ జబ్బు తాత్కాలికంగానైనా తగ్గిందని 1948లో బోస్టన్ వైద్యుడు సిడ్నీ ఫార్బర్ ప్రకటించారు. ఆ మందు తయారైన లెడర్లీ ప్రయోగశాలల్లో పరిశోధనను నడిపించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. ఇప్పుడు సంపన్న దేశాల్లో క్యాన్సర్ సోకిన పిల్లల్లో 80 శాతానికి పైగా బతుకుతున్నారు. పేద దేశాల్లో ఆ సంఖ్య ఇంకా చాలా తక్కువ. 2030 నాటికి ప్రపంచమంతటా కనీసం 60 శాతం మంది బతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది.

అయితే ప్రాణం కాపాడిన మందులే కొందరిలో గుర్తులు వదులుతాయి. డోక్సోరూబిసిన్ వంటివి ఏళ్లు గడిచాక గుండెను బలహీనపరచవచ్చు. తలకు ఇచ్చిన రేడియేషన్ వల్ల ఎదుగుదల తగ్గవచ్చు, చదివింది నిలవకపోవచ్చు. కొన్ని మందులు సంతాన భాగ్యాన్ని దెబ్బతీయవచ్చు. అందరికీ ఇలా జరగదు. ఎవరికి జరుగుతుందో పరీక్షలు చేస్తేనే తెలుస్తుంది. ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి చికిత్స ముగించుకున్న పిల్లల కోసమే 1991లో ప్రత్యేక క్లినిక్ తెరిచింది ఇందుకే.

మనమేమో, "దేవుడు స్వస్థపరచాడు కదా, ఇంకా పరీక్షలెందుకు? విశ్వాసం లేదా?" అని అడుగుతాం. ఈ మాట ఎంత భక్తిగా వినిపించినా ప్రమాదకరమైనది. యాకోబు ఆశీర్వాదం పొందిన తర్వాతే కుంటుతూ నడిచాడు. ఆ కుంటిని చూసి అతని విశ్వాసాన్ని శంకించిన వారెవరూ లేరు.

పెళ్లి మాటలప్పుడు మన నోళ్లు మరీ దారుణం. కూడికలో ఆ అమ్మాయి సాక్ష్యానికి చప్పట్లు కొట్టిన చేతులే, సంబంధం వచ్చిన రోజున, "వాళ్లమ్మాయికి అప్పట్లో..." అని ఫోను అందుకుంటాయి. క్యాన్సర్ అంటుకునే జబ్బు కాదని అందరికీ తెలుసు, అయినా సరే. అందుకే తల్లిదండ్రులు దాస్తారు. దాచిన ఇంట్లో ఆ పిల్ల గుండె పరీక్షకు వెళ్లాలన్నా అబద్ధం చెప్పి బయలుదేరాలి.

సంఘం చేయగలిగింది పెద్ద పనేమీ కాదు. ఏ మందులు ఎంత మోతాదులో ఇచ్చారో రాసిన ఆసుపత్రి ఫైలు ఇంట్లో భద్రంగా ఉందో లేదో కాపరి ఒకసారి అడగవచ్చు. సాక్ష్యం చెప్పడం ఇష్టమేనా అని పిల్లవాణ్నే అడిగి, వద్దంటే ఊరుకోవచ్చు. ఏడాదికోసారి పరీక్షకు వెళ్లిరావడానికి రైలు ఛార్జీలు కానుకల్లోంచి తీసి పక్కన పెట్టవచ్చు.