సముద్రం పక్కనే ఉంది, గది ఎక్కడ?



ఈమధ్య మా ఖాందాన్ వాట్సాప్ గ్రూపులో నార్వేలోని బెర్గెన్ ఫొటోలు తిరిగాయి. ఉద్యోగం మీద అక్కడికి పోయిన మా ఖాలా కొడుకు పంపాడు. నీళ్ల ఒడ్డున ఎర్రవి, పసుప్పచ్చవి చెక్క ఇళ్లు, వెనకే కొండ. జూన్‌లో రాత్రి 11 దాటాక గానీ పొద్దు కుంకదట, మగ్రిబ్‌కి అంతసేపూ కాచుకోవాలట. మాషాఅల్లాహ్, చూడ్డానికి చాలా బాగుంది. కానీ ఆ ఫొటోల కింద పలాసలో పుట్టి పెరిగిన మా ఆపా రాసిన మాట నాకు గుచ్చుకుంది: "నేనింతవరకూ సముద్రమే చూళ్లేదు." పలాస నుంచి అక్కుపల్లి ఒడ్డు ఆటోలో పోయేంత దూరం!

మగపిల్లలు ఆదివారం బైకులేసుకుని పోయి వస్తూనే ఉంటారు. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి పర్దా అని బహానా చెబుతాం. అసలు సంగతి బాత్రూమ్. తడిసిన బట్టలు ఎక్కడ మార్చుకోవాలి? ఉజూకి నీళ్లెక్కడ? చంటిపిల్ల ఉన్న తల్లి ఏ చాటున కూర్చోవాలి? అంత దగ్గరి ప్రయాణానికి కస్ర్ కూడా వర్తించదు, జొహర్, అసర్ పూర్తిగానే చదవాలి. ఈ సవాళ్లకు జవాబు లేక అమ్మీలు, దాదీలు ఇంట్లోనే ఉండిపోతారు.

చూడ్డానికి ఏముందని అడిగేవాళ్లకు నాలుగు పేర్లు చెబుతాను. టెక్కలి దగ్గర తేలినీలాపురంలో చలికాలమంతా గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చింతచెట్ల మీద కాపురం పెడతాయి. ఊరివాళ్లు వాటిని బరకత్‌గా భావిస్తారు, ఎవర్నీ రాయి వెయ్యనివ్వరు. దారిలోనే నౌపడ ఉప్పు మళ్లు. ఇంకా పైకి పోతే బారువ, మహేంద్రతనయ నది సముద్రంలో కలిసే చోటు. ఆ ఇసుకలోనే తాబేళ్లు గుడ్లు పెడతాయి. విశాఖ వైపు నుంచి వచ్చేవాళ్లు శ్రీకాకుళంలో ఆగి, షేర్ ముహమ్మద్ ఖాన్ 1641లో కట్టించిన జామియా మసీదులో రెండు రకాత్‌లు చదువుకుని రావచ్చు.

చూసే జాగాలకు కొదవ లేదు. కొదవంతా ఉండే జాగాకే. పలాస-కాశీబుగ్గ లాడ్జీలు జీడిపప్పు వ్యాపారం మీద వచ్చే మగవాళ్ల అవసరానికి పుట్టినవి. మూడేళ్ల కింద మా చుట్టాలను ఒక లాడ్జీలో దించితే, కారిడార్‌లో సిగరెట్ పొగ, విరిగిన గడియ. రాత్రంతా తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నారు పాపం.

దీనికి ఇలాజ్ రిసార్టు అంటారు కొందరు. నేను ఒప్పుకోను. రిసార్టొస్తే ఒడ్డుకి గోడొస్తుంది, జాలరి తన తెప్ప లాగే చోటుకే పరాయివాడవుతాడు. నార్వేనే చూడండి. దాని ఉత్తరాన లోఫోటెన్ అనే దీవుల్లో, వేటకాలంలో జాలర్లు తలదాచుకునే చెక్క గుడిసెలనే శుభ్రం చేసి ముసాఫిర్లకు అద్దెకిస్తున్నారు. బెర్గెన్ దౌలత్‌కి మూలం కూడా ఆ దీవుల నుంచి దిగిన ఎండు చేపే. ఆ చేప దాచిన పాత గోదాముల వరసను యునెస్కో 1979లో ప్రపంచ వారసత్వంగా గుర్తించింది. మనమేమో భావనపాడులో ఎండు చేపల వాసనకు దస్తీ ముక్కుకి అడ్డం పెట్టుకుంటాం!

ఉద్దానం అంటే ఉద్యానవనమే. కొబ్బరి, జీడి, పనస తోటల మధ్య ఇళ్లు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను ఆ తోటల్ని పడగొట్టింది. కొబ్బరి మొక్క మళ్లీ కాపుకి రావాలంటే ఏళ్లు పడుతుంది. దానికి తోడు కిడ్నీ జబ్బు. సంపాదించే మనిషి డయాలసిస్‌కి తిరుగుతుంటే ఇల్లు నడిపేది ఆడమనిషే. అలాంటి ఇంట్లో ఒక గదికి సున్నం వేసి, గడియ బిగించి, బాత్రూమ్ కట్టి, నెలకు నాలుగు కుటుంబాలకు అద్దెకిస్తే ఆ డబ్బు ఎంత అక్కరకొస్తుందో ఆలోచించండి. బాత్రూమ్‌కి ప్రభుత్వం చిన్న అప్పు ఇచ్చినా చాలు.

"అక్కడి నీళ్లు తాగొచ్చా?" అని తప్పకుండా అడుగుతారు. హిరమండలం నుంచి పైపుల్లో నీళ్లు తెచ్చే పథకం 2023 డిసెంబర్‌లో మొదలైంది, పలాసలో కిడ్నీ ఆసుపత్రీ అప్పుడే తెరిచారు. మీకు వస్వాసా ఉంటే క్యాన్ వెంట పెట్టుకోండి. కానీ ఆ ఇంటామె ఇచ్చిన గ్లాసు ముందు మొహం చిట్లించకండి. ఉమ్రంతా అక్కడి నీళ్లే తాగిన మనిషి ఆమె.

పరాయి ఇంట్లో మన ఆడవాళ్లా అనే పెద్దలకు నా అర్జీ: రెండు మూడు కుటుంబాలు కలిసి పొండి, ఇంటామెతో ముందే ఫోన్‌లో మాట్లాడండి. హలాల్ ఫికర్ అసలు వద్దు. చేపకు జబీహా గొడవ లేదు, పనసకాయ కూరలో జీడిపప్పు వేసి వండితే మటన్ గుర్తురాదు. కిబ్లా మీరే చూసుకోండి, చాప వాళ్లిస్తారు. అద్దె దగ్గర మాత్రం బేరం ఆడకండి. బిర్యానీ పొట్లాలు, డైపర్లు ఇసుకలో వదిలి రాకండి. ఎక్కడ దిగొచ్చో, ఎక్కడ నీళ్లు లోపలికి లాగుతాయో జాలర్లను అడగండి. తడిసిన బుర్ఖా బరువుకి కాలు నిలవదు.

మూలపేటలో 2023 ఏప్రిల్‌లో పోర్టుకి శంకుస్థాపన జరిగింది. లారీలు, గోదాములు వస్తాయి, గదుల అద్దెలు కంపెనీలవాళ్ల లెక్కలో పెరుగుతాయి. అంతకు ముందే పలాస, టెక్కలి ఖాందానులు కదలాలి. తోట ఉన్న మనవాళ్లెవరైనా మొదటి గది తెరిస్తే ఇంకా మంచిది. డిసెంబర్ సెలవుల్లో తేలినీలాపురంలో పక్షులుంటాయి, ఎండ కూడా తక్కువ. ఇన్షాఅల్లాహ్, ఈసారి దాదీని ముందు సీట్లో కూర్చోబెట్టండి.